సూర్యం రక్తం

నవ్వమని మాటిస్తేనే చెబుతాను. నిన్నటి నుంచి మా ఇంట్లో నా వరసే మారిపోయింది. మార్చింది ఇంకెవరో కాదు, నేనే. టీ తాగుతూ వినండి.

మా ఆవిడ పార్వతికి మేనమామ కొడుకు ఒకడున్నాడు, సూర్యం. వడ్డాదిలో బెల్లం వ్యాపారం, చేతికి రిస్టువాచీ, వాకిట్లో సొంత కారు. పార్వతిని ముందు అతనికే ఇద్దామనుకున్నారు. జాతకాలు కుదరక నాకిచ్చేరు. నేను చోడవరంలో లెక్కల మేస్టారిని, నాకున్నది ఒక పాత సైకిలు. అతనొచ్చినప్పుడల్లా ఈవిడ "బావా" అంటుంటే నా ఒళ్లు మండిపోయేది. దాచుకోవడమెందుకు, కుళ్లు. అచ్చమైన కుళ్లు.

పోయిన నెల పార్వతికి ఆపరేషన్ పడింది. పట్నం తీసుకెళ్లడానికి మళ్లీ ఆ సూర్యం కారే గతయింది. అక్కడ డాక్టరు రక్తం కావాలన్నాడు. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తారని వినడం నాకదే మొదలు. రక్తమిచ్చినవాడు జన్మలో కోలుకోడని పక్కనెవరో అనడం కూడా అప్పుడే విన్నాను. అయినా సూర్యం చెయ్యి చాపేక నేను వెనక్కి తగ్గుతానా? ఇద్దరికీ పరీక్ష చేసి, నన్ను బల్ల మీద పడుకోబెట్టేరు. సూది చూసి కళ్లు మూసుకున్నాను. తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.

కళ్లు తెరిచేసరికి వరండాలో ఉన్నాను. ఎదురుగా సూర్యం, చేతి మీద దూదితో, దర్జాగా కాఫీ తాగుతున్నాడు. మా అత్తగారు మేనల్లుడి తల నిమురుతూ, "నువ్వు లేకపోతే నా కూతురు దక్కేది కాదురా బాబూ" అంటోంది. నా చేతికీ దూది ఉంది గానీ, అది పరీక్ష తాలూకుదనుకున్నాను. నేను మూర్ఛపోయేను, అతను రక్తమిచ్చేడు. లెక్క తేలిపోయింది, ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చేక నా అవస్థ వినండి. కాకరకాయ గిట్టని పార్వతి ఓ రోజు ఆ కూర మారు వడ్డించుకుంది. సూర్యానికి కాకరకాయంటే ప్రాణం. అతని రక్తం అప్పుడే పని మొదలెట్టిందని ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆవిడ నవ్వినా అది సూర్యం నవ్వులాగే వినపడేది.

నిన్న సూర్యం బెల్లం పట్టుకుని చూడ్డానికి వచ్చేడు. "రా బావా, కూకో" అంటూ ఈవిడ ఎదురెళ్లింది. అప్పుడు తట్టింది నాకు. ఒకే రక్తమైతే తోబుట్టువులే కదా.

"పార్వతీ, నీ ఒంట్లో ఉన్నది అతని రక్తం. ఇంకా బావేటి? అన్నయ్యా అని పిలు" అన్నాను.

"అదేటండీ, వరస ఎలా మారిపోద్ది?"

"రక్తం ఎవరిస్తే వాళ్లే అన్న. ఇందులో మార్పు లేదు" అని బల్ల గుద్ది మరీ చెప్పేను.

సూర్యం తెల్లబోయి చూసేడు. "నేనెప్పుడిచ్చేను మేస్టారూ? నాది కలవలేదని సెప్పేసేరు. ఎక్కించింది మీదే. సీసా నిండేదాకా బాగానే పడుకున్నారు. లేసి, ఆ సీసా సూసి పడిపోయేరు."

"మరి మా అత్తగారు నిన్ను పొగిడింది?"

"కారు గురించండి. టయానికి తెచ్చేనని."

పార్వతి ఒంట్లో ఉన్నది నా రక్తం. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంతో ఈవిడ వైపు తిరిగేను. ఈవిడ వంటింట్లోకెళ్లి రెండు గ్లాసులతో వచ్చింది. ఒకటి సూర్యానికిచ్చి, "తీసుకో బావా" అంది. రెండోది నా ముందు పెట్టింది.

"తాగు అన్నయ్యా."

ఇవాళ పొద్దున్న బడికి బయల్దేరుతుంటే కూడా అదే పిలుపు. సాయంత్రం సూర్యం మళ్లీ వస్తాడట. కుళ్లుకుందామంటే, ఆ హక్కు మొగుడికి గానీ అన్నకెక్కడుంది?