నిలవ నీటిలో నేర్పిన పాఠం

కొండపల్లి దగ్గర ఒక ప్రైవేటు ఆయిల్ డిపోలో జీవరత్నం శిక్షకుడు. చమురు ఒలికితే ఎలా ఆపాలో, ఎలా తీయాలో సిబ్బందికి నేర్పడం ఆయన పని. డిపో ఆవరణలో ఒక పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అందులో కాస్త పాత ఆయిలు పోసి, బూమ్ అనే తేలే అడ్డుకట్టను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిన్నగా లాగించేవాడు. ఆయిలు బుద్ధిగా ఆగిపోయేది. అందరూ చప్పట్లు కొట్టేవారు.

"పారే కాలవలో కూడా ఒకసారి చూపిస్తారా అండీ?" అని మణికుమార్ అనే కుర్రాడు అడిగాడు.

"ఎక్కడైనా పద్ధతి ఒకటేనయ్యా," అన్నాడు జీవరత్నం.

ఒకటి కాదని ఆయనకు తెలుసు. పారే నీటిలో బూమ్‌ను ప్రవాహానికి నేరుగా అడ్డం కాక ఏటవాలుగా వేసి, చమురును ఒడ్డుకు మళ్ళించాలి. కానీ కాలవ దాకా సరంజామా మోయించాలి, అనుమతులు అడగాలి, బురదలో దిగాలి. బద్ధకించాడు.

ఆ వానాకాలంలోనే కైకలూరు దారిలో డిపో ట్యాంకరు వంతెన మీద బోల్తాపడి, డీజిలు కాలవలోకి దిగింది. మణికుమార్ జట్టు ముందుగా చేరి, నేర్చుకున్నట్టే బూమ్‌ను తిన్నగా కట్టింది. వెనక జీపులో వచ్చిన జీవరత్నం వంతెన మీది నుంచి చూశాడు. డీజిలు బూమ్ దగ్గర క్షణం తారాడి, కింద నుంచి జారి, అవతల రంగులు తేలుతూ పోతోంది. గబగబా దిగి బూమ్‌ను ఏటవాలుగా మార్పించాడు. మిగిలింది ఆగింది. అప్పటికే దాటిపోయిన డీజిలు దిగువన చేపలవాళ్ళ వలలకు పట్టేసింది.

మేనేజరు తిరుపతిరావు గట్టు మీదే మణికుమార్‌ను నిలదీశాడు. "ట్రైనింగ్‌లో నిద్రపోయావా? ఇదేనా నేర్చుకుంది?"

మణికుమార్ జీవరత్నం వైపు ఒకసారి చూశాడు. "పొరపాటు మాదేనండి. సార్ సరిగ్గానే చెప్పారు."

జీవరత్నం చేతిలోని తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు ఇంట్లో ఉండలేక దిగువ ఊరికి వెళ్ళాడు. పెద్దింట్లమ్మ అనే ఆవిడ సబ్బుపొడి నీళ్ళలో వల ఉతుకుతోంది. ఎంత ఉతికినా కంపు వదలడం లేదు. ఆయన పక్కన కూర్చుని వల కొస పట్టుకుని, తప్పు తనదేనని చెప్పాడు.

ఆమె ఉతకడం ఆపలేదు. "నాకు చెబితే ఏం లాభమండి? మీ మణికుమార్ అబ్బాయి పొద్దున్నే వచ్చి గడ్డితో ఆయిలు తీసి వెళ్ళాడు. తనను పన్లోంచి తీసేస్తారేమో అన్నాడు. చెప్పాల్సినోళ్ళకి చెప్పండి."

ఆయన నేరుగా డిపోకు వెళ్ళి మేనేజరుకు జరిగింది చెప్పాడు.

"నిన్న నోరేమైందండీ మీకు?" అన్నాడు తిరుపతిరావు.

మణికుమార్ ఉద్యోగం నిలిచింది. క్యాంటీన్ దగ్గర జీవరత్నం క్షమాపణ అడగబోతే, "గట్టు మీదే చెబుతారని చూశానండి," అని మాత్రం అన్నాడు మణికుమార్.

ఇప్పుడు శిక్షణ పారే కాలవలోనే. మొదటి రోజే ఆ ట్యాంకరు సంగతి దాచకుండా చెబుతాడు జీవరత్నం. మణికుమార్ అవతలి గట్టున తాడు పట్టుకుంటాడు. ఎప్పటిలాగే సార్ అంటాడు, అండీ అంటాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా జీవరత్నం తల వంచుకుని నీళ్ళ వైపు చూస్తాడు.