తప్పు చేసినోళ్ల తరఫు రెబెకా టీచర్

కథలో ఎవరు తప్పు చేస్తే వాళ్ల పక్షం చేరిపోవడం రెబెకా టీచర్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బని తెలకపల్లి బడి హెడ్మాస్టర్ రామచంద్రయ్య గారి గట్టి నమ్మకం. తెలుగు పీరియడ్‌లో ఆమె కథ చదివి పుస్తకం మూసేస్తుంది. "ఇగ కొట్లాడుండ్రి!" అంటుంది. పిల్లలంతా ఒకవైపు, కథలో కోడలిని రాచిరంపాన పెట్టిన అత్త తరఫున ఆమె ఒక్కతే ఒకవైపు. గెలుపు ఎప్పుడూ ఆమెదే. ఆ అరుపులకు పక్క గదిలో లెక్కలు ఆగిపోతాయి.

ఒకరోజు రామచంద్రయ్య గారి టిఫిన్ డబ్బాను కోతి ఎత్తుకుపోయింది. పాపం, ఓదారుస్తుందేమోనని ఆయన వెళ్లి ఆమెకే చెప్పుకున్నారు.

"కిటికీ తెరిచిపెట్టినోళ్లది తప్పు గాదా సార్? అడివిల దానికి పండ్లు లేకుంట జేసిందెవరు?" అని ఆమె కేసును ఎనిమిదో తరగతికి అప్పగించింది. చర్చ జరిగింది. కోతి గెలిచింది.

అంతలో ఆ తరగతిలోని దీపిక బడి మానేసింది. వాళ్ల నాన్న ఎవరి పొలంలోనో మోటరు వైర్లు కోస్తూ దొరికిపోయాడు. తోటి పిల్లాడు సతీష్ ఆ పిల్లకు 'వైర్ల దీపిక' అని పేరు పెట్టాడు. టీచర్ వాళ్లింటికి వెళ్లి ఎంత బతిమాలిందో గానీ, "ఒక్క దినమే వస్త" అని దీపిక వచ్చి చివరి బెంచీలో తల దించుకుని కూర్చుంది. ఎవరైనా ఒక్క మాటన్నారంటే ఆ పిల్ల మళ్లీ బడి గడప తొక్కదు. అలాంటి రోజున టీచర్ చదివింది వడ్ల దొంగ కథ! కిటికీ దగ్గర నిలబడి వింటున్న హెడ్మాస్టర్‌కు చెమటలు పట్టాయి.

"దొంగ దిక్కు నేనుంట," అంది టీచర్.

సతీష్ లేచాడు. "దినాం మీరే గెలుస్తరు టీచర్. ఇయ్యాల దొంగ దిక్కు మేముంటం!"

క్లాసంతా గెలిచే వైపు దూకింది. "ఇంట్ల తిండి లేదేమో!" "అప్పులోళ్లు పరేషాన్ జేసిండ్రేమో!" ఒకటే గోల.

చివరి బెంచీ నుంచి చిన్న గొంతు వినిపించింది. "దొంగతనం తప్పే." దీపిక నిలబడి ఉంది. "గని వాని బిడ్డనెందుకంటరు?"

కథలో దొంగకు బిడ్డే లేదని ఎవరూ గుర్తు చేయలేదు. సతీష్ కాళ్ల వంక చూసుకుంటూ, "ఇగ అనం," అన్నాడు.

అందరూ టీచర్ వైపు తిరిగారు. "దీనికి నా తాన జవాబు లేదు బిడ్డా. రేపు ఎతుక్కొస్త. నువ్వు గూడ రావాలె మరి, కొట్లాడనీకి."

"వస్త టీచర్," అంది దీపిక.

టీచర్ మొండివాదనంతా ఎందుకో రామచంద్రయ్య గారికి అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుని వరండాలో ఆమెను ఆపారు. "మంచి పని జేసినవ్ మేడం. గని ఆ పేరు పెట్టిన సతీష్‌గాని తోలు తీస్త!"

"ఆగుండ్రి సార్! జర వాని దిక్కు నుంచి గూడ జూడుండ్రి..."

ఆయన నవ్వుకుంటూ కుర్చీ లాక్కుని వినడానికి కూర్చున్నారు.