పడిపోయిన చేతిమీద పిల్లపాము

సోయాగింజలు నానబెట్టి, ఆకుల్లో చుట్టి, టెంపే చేసి జావాలోని బ్లితార్ బజారులో అమ్మే తుగినెమ్‌కు పాములంటే చచ్చేంత భయం. మొగుడు సర్దియోకు అవంటే ప్రాణం. పెళ్లికి ముందే ఈ సంగతి తెలిస్తే ఏం చేసేదో గానీ, తెలిసేసరికి ఇంట్లో నాలుగు కొండచిలువలున్నాయి.

పోయిన ఏడు సర్దియోకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, అందులో స్పర్శ కూడా పోయింది. పాముల్ని స్నేహితులు పట్టుకుపోయారు, ఒక్క పిల్లను తప్ప. రెండు మూరలు లేదు గానీ, డబ్బా మూత తీస్తే చాలు, చటుక్కున కరిచేది.

"నువ్వు మచ్చిక చేస్తావా, నన్ను చెయ్యి పెట్టమంటావా?" అన్నాడు సర్దియో.

రక్తం పలచబడే మాత్రలు మింగుతున్న మనిషి. చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఈయనేమో అన్నంత పనీ చేసే రకం.

అందుకని ఆమే చెయ్యి పెట్టింది. ముందు కొక్కెంతో మెల్లగా తాకితే, ఇది తిండివేళ కాదని దానికి తెలుస్తుందట. ఆపైన నడుము కింద చెయ్యి పోనిచ్చి ఎత్తాలి. మొదటి వారమే మూడుసార్లు కరిచింది.

"లాగకు బూనే! లాగితే చర్మం చీరుకుపోతుంది. పైగా, కరిస్తే పీడ వదులుతుందని అది నేర్చేసుకుంటుంది," మంచం మీంచి పాఠం చెప్పేవాడు. అక్కడ మొగుడు పెళ్లాన్ని బూనే అని, పెళ్లాం మొగుణ్ని పాక్నే అని పిలుచుకుంటారు.

"పీడని నేనా? బాగానే కలిశారు, మీరూ మీ పామూ!"

రెండు నెలలకు అది కరవడం మానింది. ఆమె వణకడం మానలేదు.

"ఇక నా కుడిచేతిమీద పెట్టు. ఏమైనా తెలుస్తుందేమో చూద్దాం," అన్నాడు ఒక మధ్యాహ్నం. ఎంత బతిమాలినా వినలేదు.

తిండి వాసన తగిలితే కరుస్తుందని తుగినెమ్ తన చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుంది. ఆయన ఎడంచేత్తో తింటుంటే కోడిచారు కుడిచేతిమీద ఒలికిన సంగతి ఇద్దరికీ గుర్తులేదు. తినని చెయ్యి కదా, ఎవరూ కడగలేదు.

సర్దియో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పాము మణికట్టు దాటి ఆగి, నాలుక ఆడించింది. ఆమెకు అప్పుడు తగిలింది చారు వాసన. చెయ్యి చాపేలోగా అది ఆయన బొటనవేలి మొదట్లో పళ్లు దింపింది.

అరిస్తే ఈయన ఎడంచేత్తో దాన్ని పీకేస్తాడు. అందుకని ఆమె నోరు మెదపలేదు.

"చల్లగా ఉందా బూనే?"

"చల్లగానే ఉంది పాక్నే."

కాసేపటికి అది తనంతట తనే వదిలింది. దాన్ని డబ్బాలో వేసి, గుడ్డతో ఆ వేలిని అదిమి పట్టుకుంది. గుడ్డ ఎర్రగా తడుస్తోంది.

"చేతిమీద ఇంకా ఉందా?" అన్నాడు ఆశగా.

"ఉంది, కదలకండి," అంది. రక్తం ఆగేదాకా ఆయన్ని కళ్లు తెరవనివ్వలేదు.