పదమూడో రోజు అంకె

పానకాలు మాస్టారిది మంగళగిరి. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్ళే, ఆయనొక్కరే లెక్కల్లో పడ్డారు. ఏడేళ్ళుగా గుంటూరు దగ్గర ఓ మిరప ఊళ్ళో హైస్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు భయపడరు సరికదా, ఆ కోపం ఎంతసేపుంటుందో పందేలు వేసుకుంటారు.

బడిలో నల్లబల్ల స్థానంలో పెద్ద టీవీలాంటి డిజిటల్ ప్యానెల్ బిగించిన రోజున పెద్దలంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆ తర్వాత దాంతో పిల్లలకేం ఒరిగిందని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. అడిగింది భానుశ్రీ. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. లెక్కలు, సైన్సు చెప్పే మాస్టర్లు ఈ ప్యానెళ్ళనూ ట్యాబులనూ ఎలా వాడుతున్నారో చూడటానికి నలభై బళ్ళు తిరుగుతోంది. వాటిలో ఆరు బళ్ళను ఏడాది పొడుగునా అధ్యయనం చేసి పుస్తకంగా వేస్తారట. ఆ ఆరింట్లో తన బడి ఉండాలని మాస్టారి కోరిక. మామూలు కోరిక కాదు, అన్నం సయించనంత.

అందరిలా వీడియో పెట్టి కూర్చోలేదాయన. పది కిలోల పచ్చి పండుమిరప విడిగా ఆరబోయించి, రోజూ తూచి, ఆ బరువులతో ట్యాబులో గ్రాఫు గీయమన్నారు. కాయలు ఆరబోసిన కళ్ళం హేమశ్రీ వాళ్ళది. పదో తరగతి పిల్ల. రోజూ పొద్దున బడికి వచ్చేముందు తూచి రాసుకొచ్చేది. పది కిలోలు, ఎనిమిదిన్నర, ఏడు. గీత చక్కగా కిందికి దిగుతూ వచ్చింది. పన్నెండో రోజుకు రెండు కిలోల తొమ్మిది వందల యాభై గ్రాములకు చేరింది.

పదమూడో రోజు మూడు కిలోల నూట ముప్ఫై.

"ఆరేకొద్దీ బరువు పెరుగుతుందా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని తూచావ్?" అని మాస్టారు గయ్యిమన్నారు.

"మూడుసార్లు తూచానండీ. అంతే వచ్చింది," అంది హేమశ్రీ.

ఎందుకు పెరిగిందో ఆ పిల్లకూ తెలియదు. మగ్గాల ఇంట్లో పుట్టిన మాస్టారికి అసలే తెలియదు. మర్నాడే భానుశ్రీ గైడు రామకాంత్ గారు స్వయంగా వస్తున్నారు. ఏ బడి ఉండాలో, ఏది పోవాలో తేల్చేది ఆయనే. మాస్టారు ట్యాబు చేతిలోకి తీసుకున్నారు. రెండు కిలోల ఎనిమిది వందల ఎనభై అని కొడితే చాలు, గీత నున్నగా దిగుతుంది. వేలు అంకె మీదిదాకా వెళ్ళింది కూడా.

ఎదురుగా హేమశ్రీ చూస్తోంది. ఏమీ అనలేదు. అని ఉంటే ఆయన కసిరేసి మార్చేసేవారేమో. ట్యాబు పిల్ల చేతికిచ్చి, "ఉండనీ. నువ్వు తూచింది నువ్వు తూచావ్," అన్నారు. ఆ రాత్రి మాత్రం ఆయనకు నిద్ర పట్టలేదు.

రామకాంత్ గారు రానే వచ్చారు. గ్రాఫు చూడగానే ఆయన చూపు అక్కడే ఆగింది.

"ఈ పాయింటు తప్పండీ, మాస్టారూ. పిల్లలు ఏదో ఒకటి కొట్టేస్తుంటారు. చాలా బళ్ళలో ఇదే గొడవ. తీసేయించండి."

"తియ్యనండీ," అన్నారు పానకాలు మాస్టారు. "ఎందుకు పెరిగిందో నాకు తెలీదు. మా పిల్ల తూచింది. మీ లిస్టులో మా బడి లేకపోయినా సరే, తియ్యను."

భానుశ్రీ చప్పున లేచింది. "కళ్ళం దగ్గరే కదండీ, అడుగుదాం సార్," అంది.

హేమశ్రీని కూడా పిలుచుకుని నలుగురూ వెళ్ళారు. హేమశ్రీ తల్లి ఆదెమ్మ ఎండిన కాయలు టిక్కీలకు, ఆ పెద్ద గోనె బస్తాలకు, ఎత్తిస్తోంది. సంగతి విని నవ్వింది.

"అయ్యో బాబూ, నీళ్ళు చల్లింది నేనేగా! టిక్కీలో వేసి తొక్కేముందు చల్లకపోతే గలగల్లాడే కాయ ముక్కలైపోదూ? మొన్న సాయంత్రం ఇది స్టడీ అవర్లో ఉంది. దీని కుప్ప మీదా నాలుగు చిలకరించా."

రామకాంత్ గారు హేమశ్రీ వైపు వంగి, "అయితే ఎన్ని నీళ్ళు పట్టాయమ్మా?" అని అడిగారు.

ఆ పిల్ల ట్యాబు చూసుకుంది. "నూట ఎనభై గ్రాములు పెరిగిందండీ. కానీ చల్లిన నీళ్ళు అంతకంటే ఎక్కువే ఉంటాయి. రాత్రికి కొన్ని ఆరిపోతాయి కదా. అవి ఎన్నో మేం కొలవలేదు సార్. ఈ సాయంత్రం ఇంకో కుప్ప పోసి, చల్లకముందు ఓసారి, చల్లాక ఓసారి, పొద్దున ఓసారి తూస్తాం."

భానుశ్రీ గబగబా రాసుకుంటోంది. లిస్టు గురించి రామకాంత్ గారేదో అంటున్నారు. మాస్టారు అది వినడం లేదు. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఆయన పిల్లలు ఎన్నో జవాబులు చెప్పారు, ర్యాంకులు తెచ్చారు. తెలియనిది తెలియదని చెప్పి, దాన్నెలా కొలవాలో తనంతట తానే చెప్పిన పిల్ల ఇదే మొదలు.

"ఆదెమ్మా, ఓ పది కిలోల ఎండుకాయలు పక్కన పెట్టించు. సాయంత్రం తూకానికి నేనూ వస్తాను," అన్నారు.