బామ్మర్ది వేలికి చేసిన ట్రిగ్గర్

ఎల్‌వుడ్ రీట్జ్ చేసిన ట్రిగ్గర్ మీద ఊపిరి తగిలితే చాలు, రైఫిల్ పేలిపోతుందని మా కొండల్లో చెప్పుకునేవారు. అది ఒట్టి అబద్ధం. కానీ ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఎల్‌వుడ్ కాదని అన్న పాపాన పోలేదు. టోపీ వెనక్కి నెట్టుకుని, "ఏదో, మన చెయ్యి అలా కుదిరింది" అని ఊరుకునేవాడు. పెన్సిల్వేనియాలో పంపులు చేసే ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి కింద గదిలో పాత మిషన్ ఒకటి దించుకుని, గురి పోటీలకు చిన్న తూటా వేసే పాయింట్ టూటూ రైఫిళ్ళు తయారు చేసేవాడు. వేటగాళ్ళు ఎవరైనా తుపాకీ పట్టుకొస్తే గుమ్మంలోంచే సాగనంపేవాడు. "జింకంత వెడల్పు గురికి నేనెందుకయ్యా? బజార్లో కొన్నది చాలు" అనేవాడు. అలా అన్నాక ఆ వేటగాడు మళ్ళీ ఆ వీధి మొహం చూసేవాడు కాదు.

మంచి బ్యారెల్ ఏదో కళ్ళతో చూసి చెప్పలేం. ఎల్‌వుడ్ చిన్న సీసం ముద్దని గొట్టంలో పెట్టి, కడ్డీతో మెల్లగా తోసేవాడు. తోస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునేవాడు. ముద్ద ఎక్కడా వదులవకుండా, ఎక్కడా పట్టేయకుండా ఒకే తీరున జారుతూ వెళ్ళి, తూటా బయటికొచ్చే చివర మాత్రం కాస్తంత బిగువుగా ఉండాలి. అలాంటిది దొరకడం అదృష్టం. అతనికి దొరికింది ఒక్కటే. దాన్ని నూనెగుడ్డలో చుట్టి అటక మీద దాచాడు. తన కోసం చేసుకునే ఆఖరి రైఫిల్‌కి అదేనని అందరికీ చెప్పుకునేవాడు.

"నీతోపాటు పెట్టెలో పెట్టి పూడ్చమంటావా ఏమిటి దాన్ని?" అని భార్య ఆర్లీన్ ఎన్నోసార్లు దెప్పింది.

ఆ ఏడు మంచు కరిగీ కరగగానే, ఎల్‌వుడ్ నిచ్చెన వేసుకుని ఆ మూట కిందికి దించాడు. తన కోసం కాదు, ఆర్లీన్ తమ్ముడు మెర్ల్ కోసం.

మెర్ల్ హాస్టెటర్ బడి బస్సు నడుపుతూనే వయసు మళ్ళిన మనిషి. మాటకి నెమ్మది. బోర్లా పడుకుని కాల్చే పోటీల్లో మా క్లబ్బులో అతన్ని కొట్టినవాడు లేడు, ఎల్‌వుడ్‌తో సహా. అలాంటి వాడికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ ఒలికింది, తరవాత బస్సు మానేశాడు, గురి మాత్రం మానలేదు. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో జరిగిన పోటీలో, అతని తూటా పోయి పోయి పక్కవాడి గురి కాగితం మీద పడింది. ఆ పక్కవాడు డార్విన్ యోస్ట్. నోరు ఊరుకోని మనిషి. "మెర్ల్! నాకు పాయింట్లు దానం చేస్తున్నావా? చల్లగా ఉండు నాయనా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. మెర్ల్ కూడా నవ్వాడు. ఆ మర్నాటి నుంచీ క్లబ్బు గడప తొక్కలేదు.

చలికాలమంతా టీవీ ముందు కూర్చున్నాడు. ఆర్లీన్ వండి పట్టుకెళ్ళి పెడితే తింటాడు, లేదంటే లేదు. డాక్టరు ఆ జబ్బుకి ఒక పేరైతే చెప్పాడు కానీ, తగ్గిపోయే మందు మాత్రం చెప్పలేదు. తమ్ముడు అలా కుర్చీలో కుంగిపోతుంటే చూడలేక ఆర్లీన్ వంటింట్లో ఏడ్చేది. ఎల్‌వుడ్ అది చూసీ చూడనట్టు కిందికి దిగిపోయేవాడు. చివరికి ఒకరోజు మెర్ల్ ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు.

"పడుకుని కాల్చొద్దు. బల్ల దగ్గర కూర్చుని కాల్చే పోటీలు ఉన్నాయిగా, వాటికి రా. తుపాకీని ఇసుక సంచులు మోస్తాయి. నువ్వు వేలు ఆనిస్తే చాలు. నేను చేసిస్తా."

మెర్ల్ టీవీ గొంతు తగ్గించాడు. "ఒక్కసారి కూర్చుంటా బావా. కుదరకపోతే మళ్ళీ అడగొద్దు. ఉన్న తుపాకులన్నీ అమ్మి పారేస్తా, ఆ ఊసే వద్దు నాకు" అన్నాడు.

ఆ ఒక్కసారి కోసం ఎల్‌వుడ్ వసంతమంతా, ఎండాకాలం చాలావరకూ ఇంటి కిందే గడిపాడు. దాచుకున్న బ్యారెల్‌ని కోసి, మూతి నున్నగా తీర్చాడు. వాల్‌నట్ చెక్క చెక్కి, ఇసుక సంచి మీద కదలకుండా కూర్చునేలా దాని అడుగు బల్లపరుపుగా చేశాడు. ట్రిగ్గర్ సంగతి చెప్పాలా! జన్మలో అంత సుతిమెత్తని ట్రిగ్గర్ చెయ్యలేదతను. చివరికి తనే కూర్చుని యాభై గజాల నుంచి ఐదు తూటాలు కాల్చి చూస్తే, కాగితం మీద ఒకటే కన్నం. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

ఎవరూ ఉండని ఒక పగటిపూట మెర్ల్‌ని క్లబ్బుకి తీసుకెళ్ళాడు. మెర్ల్ బల్ల దగ్గర కూర్చుని, నున్నటి చెక్కని ఎడంచేత్తో ఒకసారి నిమిరాడు. "ఎంత బాగుంది బావా" అన్నాడు. తూటా పెట్టాడు. గురి చూసుకుంటూ కుడిచెయ్యి దగ్గరికి తెచ్చాడో లేదో, వేలు ఇంకా సరిగ్గా ఆననేలేదు, రైఫిల్ ఠప్‌మని పేలింది. తూటా కాగితం కింద మట్టికట్టలోకి పోయింది. రెండోసారీ అంతే. మెర్ల్ గొట్టంలో తూటా లేదని చూసుకుని లేచి నిలబడ్డాడు.

ఎల్‌వుడ్‌కి ముందు గుర్తొచ్చింది తన పనితనమే. "ట్రిగ్గర్‌లో లోపం లేదే!" అనేశాడు.

"తెలుసు బావా. లోపం ఎక్కడుందో నాకూ తెలుసు" అని మెర్ల్ మెల్లగా కారు వైపు నడిచాడు.

ఇంటికొచ్చేసరికి ఆర్లీన్ ఉడికించిన గుడ్లని బీట్‌రూట్ రసంలో ఊరేస్తోంది. అతని వాలకం చూడగానే ఆమెకి అర్థమైంది.

"ఏమయ్యా, ఆ రైఫిల్ ఎవరి కోసం చేశావు?"

"ఏం ప్రశ్నే అది? మీ తమ్ముడి కోసమే."

"మరి ఎవరి వేలితో సరిచూశావు?"

ఆర్లీన్ గుడ్ల సీసా మూత బిగించి, "నీ వేలు చల్లగా ఉండ! వాడి వేలు నువ్వెప్పుడైనా సరిగ్గా చూశావా?" అని కళ్ళొత్తుకుంది. అతనికి తల కొట్టేసినట్టయింది. ఫ్రిజ్ మీద కాగితం పీకి చెత్తబుట్టలో పడేశాడు.

మళ్ళీ కిందికి దిగాడు. ఈసారి చెయ్యాల్సింది బరువైన ట్రిగ్గర్. వణికే వేలు పూర్తిగా ఆని, కుదురుగా ఉన్నా లేకపోయినా, కావాలని లాగేదాకా పేలకూడదు. అంత గట్టిగా లాగితే తుపాకీ కదులుతుంది కాబట్టి చెక్క లోపల సీసం పోసి బరువు పెంచాడు. వేలు జారకుండా ట్రిగ్గర్ నాలుకని వెడల్పు చేశాడు. కూర్చుని కావాలని వేలు వణికిస్తూ, మీద తడుతూ పరీక్షించాడు. కానీ మనసులో ఒకటే గుబులు. మా క్లబ్బులో కొత్త రైఫిల్ వచ్చిందంటే ఖాళీ తూటా పెట్టి, ఒకరి తరవాత ఒకరు ట్రిగ్గర్ లాగి చూడాల్సిందే. చూసి నోరారా మాట్లాడాల్సిందే. ఇన్నేళ్ళూ ఎల్‌వుడ్‌కి ఆ రోజు పండగ. దీన్ని ముట్టుకుంటే ఏమంటారో!

మెర్ల్ ముందు ఒప్పుకోలేదు. "ఒక్కసారే అన్నాను కదా బావా."

"ఆ ఒక్కసారి నేను చెడగొట్టాన్రా. నా కొలతలకి చొక్కా కుట్టి నీకు తొడిగాను. అది లెక్కలోకి రాదు."

మెర్ల్ బావ మొహంలోకి చూశాడు. ఎల్‌వుడ్ రీట్జ్ తప్పు ఒప్పుకోగా అతనెన్నడూ వినలేదు. లేచి కోటు వేసుకున్నాడు.

ఆ శనివారం క్లబ్బు నిండా జనం. కొత్త రైఫిల్ చూడగానే మూగారు. మెర్ల్ కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. అందరికన్నా ముందు డార్విన్ కూర్చుని లాగాడు. లాగాడు, ఇంకా లాగాడు. టక్‌మంది.

"ఓరి దేవుడా! ఇది ట్రిగ్గరా, కోళ్ళ గూటి గొళ్ళెమా? ఎల్‌వుడ్, జింకల వేటకి బయల్దేరుతున్నావా?"

ఇంకొకడు లాగి పకపకా నవ్వాడు. నవ్వులు పాకాయి. ఎల్‌వుడ్ చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకలా చేశానో ఒక్క మాట చెబితే చాలు, నవ్వులన్నీ ఆగిపోతాయి. కానీ ఆ మాట చెబితే అందరి కళ్ళూ ఆ కోటు జేబు మీద పడతాయి.

"నా చేతులు ఇదివరకటిలా లేవోయ్. వణుకుతున్నాయి. ఇంతకన్నా సుతారంగా చెయ్యలేకపోయాను" అన్నాడు.

అబ్బా, ఆ మాట అనడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది. నవ్వులు ఆగిపోయాయి. డార్విన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడు మెర్ల్ గోడ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. జేబులోంచి చెయ్యి తీసి, బల్ల మీద, అందరి ముందూ పెట్టాడు. అది వణుకుతోంది. అతను దాన్ని ఆపాలని చూడలేదు.

"బావ అబద్ధమాడుతున్నాడు. ఆయన చేతులకేం రాలేదు, గుండ్రాళ్ళలా ఉన్నాయి. వణికేది ఇది. ఆ ట్రిగ్గర్ దీనికోసం చేశాడు. డార్విన్, కిందటేడు నీ కాగితం చింపింది కూడా ఇదే."

డార్విన్ లేచి కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. "అయితే ఈ బల్లే తీసుకో. నేను నీ పక్కనే కూర్చుంటా. నాకింకా పాయింట్లు కావాలి" అన్నాడు.

"నీ మొహం! ఈసారి కొనుక్కో" అన్నాడు మెర్ల్. నవ్వాడు, ఈసారి నిజంగా.

పోటీ మొదలైంది. ఎల్‌వుడ్ అతని వెనక నిలబడ్డాడు. మెర్ల్ తూటా పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద ఆనించాడు. వేలు దాని మీద టపటపా కొట్టుకుంది. రైఫిల్ పేలలేదు. మెర్ల్ ఆగాడు, ఊపిరి వదిలాడు, గాలి తగ్గి, గురి పక్కన కట్టిన జెండా వాలేదాకా చూశాడు. అప్పుడు లాగాడు.

ఎల్‌వుడ్ దుర్భిణిలోంచి చూశాడు. నడిమి చుక్కలో పడలేదు, పక్క గీత మీద పడింది. పెద్ద గొప్ప దెబ్బేమీ కాదు. ఏమని చెప్పాలా అని అతను తటపటాయిస్తుంటే, మెర్ల్ కాగితం వైపైనా చూడకుండా వెనక్కి తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నేను పేల్చమన్నప్పుడే పేలింది బావా" అన్నాడు.