తెలగపిండి కూర ఎవరిది

ఉంగుటూరులో కోదండరామయ్యగారి పెద్దకోడలు రాజ్యం వంట గురించి తెలియనివాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. ఆమె పుట్టిల్లు తాడేపల్లిగూడెం. తండ్రి పాపారావుగారికి ధాన్యం వ్యాపారం. ఇంట్లో నెయ్యికీ నూనెకీ ఏనాడూ లోటు లేదు. ఆ చెయ్యితోనే రాజ్యం అత్తవారింట వంట మొదలుపెట్టింది. గుత్తి వంకాయ వండితే నూనె కాయల మీదికి తేలాలి. పులిహోర కలిపితే అరచెయ్యి మెరవాలి. ఇంటికి చుట్టాలొస్తే, వడ్డించింది ఎవరైనా సరే, వండింది రాజ్యమేనని మొదటి ముద్దకే చెప్పేసేవారు. అత్తగారు లేని ఇల్లు కావడంతో కొట్టుగది తాళంచెవి పదేళ్ళుగా ఆమె నడుముకే ఉంది.

పంతొమ్మిదివందల ముప్ఫై ఒకటిలో ధాన్యం ధర పడిపోయింది. శిస్తు కట్టేసరికే గాదె అడుగు కనబడింది. సరిగ్గా ఆ ఏడే రాజ్యం మరిది జగ్గారావుకు పెళ్ళయి, చిన్నకోడలు సుందరమ్మ కాపరానికి వచ్చింది. కలిదిండి అవతల, కొల్లేటి ఒడ్డు పల్లె ఆమెది. కొల్లేరు పొంగినప్పుడల్లా ఆ పల్లె చేలు మునిగిపోతాయి. చిన్నప్పటినుంచీ ఉన్నదాంతో పదిమందికీ కడుపు నింపడమే ఆ పిల్ల నేర్చుకున్న వంట.

వచ్చిన వారానికే మొదటి ముచ్చట జరిగింది. రాజ్యం బీరకాయలు చెక్కి, ఆ తొక్కును కుడితి గోలెంలో వెయ్యబోయింది. సుందరమ్మ చెయ్యి అడ్డంపెట్టి, ఇలా ఇవ్వండి అక్కయ్యగారూ అని తీసుకుంది. నాలుగు చుక్కల నూనెలో వేయించి, రెండు ఎండుమిరపకాయలూ ఇంత చింతపండూ పెట్టి నూరింది. ఆ పూట మామగారు కూర పక్కన పెట్టి పచ్చడితోనే అన్నం తిన్నారు. మరికాస్త ఉందా అని అడిగారు కూడా. అలా అడగడం రాజ్యం విన్నది. పదేళ్ళలో తన కూరలను ఆయన అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా అడిగినట్టు ఆమెకు గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో పారేసేదంటూ లేకుండా పోయింది. అరటిదవ్వ పెరుగుపచ్చడయింది. రాత్రి మిగిలిన అన్నం జీలకర్రా కారమూ కలుపుకుని వడియాలై ఎండకెక్కింది. పులిసిపోయిన మజ్జిగ పులుసయింది. గంజి పారబొయ్యకుండా కుండలో పోసి పులియబెట్టి, ఆ తరవాణిలో నానిన అన్నాన్ని ఉల్లిపాయతో పొద్దున్నే మగవాళ్ళకు పెట్టేది. ఒకరోజు సుందరమ్మ గేదెల కోసం తెచ్చిన తెలగపిండిలో, అంటే నువ్వులు గానుగాడగా మిగిలిన పిండిలో, గుప్పెడు తీసి మునగాకుతో కూర చేసింది. గేదెల దాణా మనుషులకు పెడతావా అని రాజ్యం నవ్వింది. ఆమె భర్త కనకరాజు ఆ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. రాజ్యం నవ్వు అక్కడితో ఆగిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం కోదండరామయ్యగారు పెద్దకోడల్ని పిలిచి, ఈ గడ్డురోజులు పోయేదాకా కొట్టుగది చిన్నమ్మాయి చూసుకుంటుందని, నీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుందని మెల్లగా చెప్పారు. ఆయన మాటలో కోపం లేదు. కోపం ఉన్నా రాజ్యం ఓర్చుకునేదేమో. తాళంచెవి విప్పి, తోడికోడలి చేతికివ్వకుండా పీట మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆమెకు తిండి సహించలేదు. మగవాళ్ళు భోజనాలకు కూర్చుంటే తలుపు వారన నిలబడి, ఎవరు ఏది ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టేది. సుందరమ్మ రోట్లో ఏదైనా నూరుతుంటే ఆ చప్పుడు తన గుండెల మీద పడుతున్నట్టుండేది. పచ్చడి బాగుందని భర్త అంటే, ఉప్పెక్కువైందని అనేది. నిజానికి ఉప్పు సరిగ్గానే ఉండేది. ఎవరూ లేనప్పుడు ఆ గిన్నె అంచు వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంటే, రుచి బాగున్నందుకే ఏడుపు ముంచుకొచ్చేది.

ఒకరోజు సుందరమ్మ చెరువుకు వెళ్ళిన సమయంలో రాజ్యం తరవాణి కుండను కాలితో దొర్లించేసింది. నెలల తరబడి పులుస్తూ వస్తున్న గంజి తూములోకి పోయింది. పిల్లి పడేసిందని చెప్పింది. సుందరమ్మ ఏమీ అనలేదు. కుండ కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదని రాజ్యం ఆ వారమంతా ఉడికిపోయింది.

వేసవిలో అన్నగారి బిడ్డ బారసాలకు రాజ్యం తాడేపల్లిగూడెం వెళ్ళింది. గడ్డురోజులు అక్కడికీ వచ్చాయి. బారసాల మర్నాడు ఇంట్లో నూనె అడుగంటి, వదినగారు ఏం వండాలో తెలియక కూర్చుంది. రాజ్యం లేచి మునగాకు దూయించింది. తలుపు చాటునుంచి ఎన్నోసార్లు చూసిన వంట అది. ఆకు ఉడికాక తెలగపిండి చల్లి, మూతపెట్టి, వెల్లుల్లితో కొంచెం పోపు వేసింది. పాపారావుగారు తిని, ఇది ఎక్కడ నేర్చావమ్మా అని అడిగారు.

"నాకు నేర్పేవాళ్ళెవరు నాన్నా. నేనే చేశాను" అంది.

తిరుగు బండిలో కాసేపు ఆమెకు ఎంతో సంతోషంగా ఉంది. బాదంపూడి దాటేసరికి ఆ సంతోషం పాడైపోయింది. తనకు మెప్పు తెచ్చిన ఆ ఒక్క కూర కూడా సుందరమ్మదే.

నెల తిరక్కుండా పాపారావుగారు కూతుర్ని చూడడానికి ఉంగుటూరు వచ్చారు. వియ్యంకులిద్దరూ భోజనానికి కూర్చున్నారు. సుందరమ్మ మజ్జిగ వడ్డిస్తోంది. ఆయన తలెత్తి చనువుగా ఆమెతో అన్నారు.

"మా రాజ్యం తెలగపిండి కూర ఎప్పుడైనా తిన్నావా అమ్మా? దగ్గరుండి నేర్చుకో. అలాంటిది నేనింతవరకూ తినలేదు."

కోదండరామయ్యగారి చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. ఆయన పెద్దకోడలి వైపు చూశారు. రాజ్యం గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"అక్కయ్యగారే నేర్పారండీ" అంది సుందరమ్మ, మజ్జిగ ధార చెదరకుండా. "నాకే ఇంకా ఆ చెయ్యి రాలేదు."

భోజనాలయ్యాక రాజ్యం వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఎందుకలా చెప్పావు? నిజం చెప్పెయ్యచ్చుగా. అందరిముందూ నన్ను అలా నిలబెట్టి, నువ్వు మంచిదానివి అనిపించుకున్నావు."

సుందరమ్మ గిన్నెలు తోమడం ఆపింది. "మంచితనంతో కాదండీ. మీ ముఖం ఎలా మాడుతుందో చూద్దామనే అన్నాను. కుండ పడేసింది పిల్లి కాదని నాకు ఆ రోజే తెలుసు."

రాజ్యం తలుపు వైపు తిరిగింది.

"మీ నాన్నగారు బండి దిగి తిన్నగా లోపలికి వచ్చేస్తారు" అంది సుందరమ్మ. ఈసారి ఆమె గొంతు గట్టిగా లేదు. "మా నాన్న ఒక్కసారి కూడా రాలేదు. ఉత్తి చేతులతో ఎలా వస్తానమ్మా అంటాడు. పెళ్ళయిన కొత్తలో మీరు మూకుట్లో నూనె పోస్తుంటే నా కడుపు రగిలిపోయేదండీ. కొట్టుగది తాళం నా చేతికొచ్చినా నేనలా పొయ్యలేను. నాలుగు చుక్కలకే గిన్నె పక్కన పెట్టేస్తాను. మా ఆయన ఇప్పటికీ, వదిన గుత్తి వంకాయ ఎప్పుడు చేస్తుందీ అని నన్నే అడుగుతారు."

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో కుళ్ళిపోతున్నది తానొక్కతే అనుకుంది రాజ్యం. జాలి పడాల్సిన చోట ఆమెకు ముందు కలిగింది ఊరట. మరిది గుత్తి వంకాయ అడుగుతున్నాడన్న మాటకు లోలోపల పొంగింది కూడా. ఆ పొంగుకు సిగ్గుపడి, పీట లాక్కుని కూర్చుని, మిగిలిన గిన్నెలు తాను తోమింది.

సాయంత్రం తండ్రి బండెక్కుతుంటే దగ్గరికి వెళ్ళి, ఆ కూర సుందరమ్మదని, తాను చూసి చేశానని చెప్పింది. పాపారావుగారు, ఈసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి చేతనే వండించమని చెప్పి వెళ్ళిపోయారు. కుండ సంగతి మాత్రం రాజ్యం ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులైపోలేదు. ఒకే పొయ్యి దగ్గర నాలుగేళ్ళు వండారు. ఒకరి కూరకు ఒకరు వంక పెట్టుకుంటూనే ఉన్నారు గాని, చాటున కాదు, ఎదుటే. ముప్ఫై ఆరులో కోదండరామయ్యగారు పోయాక అన్నదమ్ములు వేరు పడ్డారు. ఇంటి మధ్యన గోడ లేచింది. ఆ మరుసటి ఏడు సుందరమ్మ రెండో కాన్పుకు ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న మాట వస్తే, రాజ్యం ఎవరూ పిలవకముందే వెళ్ళి పొయ్యి రాజేసింది. పది రోజులు తన చెయ్యి తనదే అన్నట్టు నూనె పోసి వండింది. మూకుడు చుయ్యిమన్నప్పుడల్లా లోపలి గదిలోంచి సుందరమ్మ, కాస్త చూసి పొయ్యండి అక్కయ్యగారూ అని కేకేసేది. జగ్గారావు మారు వడ్డించుకుంటున్న చప్పుడు వినబడితే మాత్రం గోడ వైపు తిరిగి పడుకునేది.

పదకొండో రోజు పురుడు వెళ్ళింది. మరి కొన్నాళ్ళకు సుందరమ్మ మళ్ళీ తన పొయ్యి దగ్గరికొచ్చి ఆనపకాయ తొక్కు పచ్చడి చేసింది. ఆ పూట జగ్గారావు పచ్చడి సగం వదిలేశాడని పనిమనిషి చెప్పగా రాజ్యానికి తెలిసింది. ఆ సంగతి ఆమె కనకరాజుకు భోజనం వడ్డిస్తూ ఒకసారి, చెయ్యి కడుక్కుంటుంటే మరోసారి చెప్పింది.