మద్రాసు మట్టి బిళ్ళలు, మా బావ నోరు

కోడుమూరు నుంచి మద్రాసుకు వెళ్లదలచినవారికి ముందుగా ఒక మాట: తుపాకి ఉన్న మనిషికి తోడుగా వెళ్లకండి. బస్సులో చోటు దొరకదు, రైల్లో నిద్ర పట్టదు, అడిగినవాడికల్లా జవాబు చెప్పుకుంటూ పోవాలి.

మా అక్క భర్త, అంటే మా బావ, కౌజుపిట్టల వేటలో పేరుమోసినవాడు. కర్నూలు రాజధాని అయ్యాక ఊరినిండా ఆఫీసర్లు దిగారు. వాళ్లలో వేట సరదా ఉన్న ఒకాయన మా చేలవైపు వచ్చి, బావ గురి చూసి, మద్రాసులో జరిగే మట్టి బిళ్ళల పోటీకి ఆయన పేరు పంపాడు. యంత్రం గాలిలోకి విసిరే మట్టి బిళ్ళలను ఎగురుతుండగానే కాల్చాలి. సింహళం నుంచి, బర్మా నుంచి కూడా షూటర్లు వస్తారు. మనవాళ్లలో ముందు నిలిచినవారిని ఐరోపాలో జరిగే పెద్ద పోటీకి పంపుతారట. వానలు ముఖం చాటేసి వేరుశనగ ఎండిపోయిన రోజులవి. బావ ముఖంలో వెలుగు చూసి చాలాకాలమైంది. "నేను ఓడ ఎక్కల్లప్పా, నువ్వు తోడు రా" అన్నాడు. ఇంగ్లీషు వచ్చిన బడిపంతులుని, పైగా బావమరిదిని. తప్పించుకునే దారి లేకపోయింది.

నియమాలు చదివి చెప్పాను. యంత్రం గుంటలో ఉంటుంది, దాన్ని నడిపేవాడికి మనం కనబడం. కాబట్టి 'పుల్', అంటే లాగు, అని గట్టిగా అరవాలి, అప్పుడే బిళ్ళ లేస్తుంది. బావ తల అడ్డంగా ఊపాడు. మా వైపు వేటగాళ్లకు ఒక పట్టింపు ఉంది: తుపాకి భుజానికెక్కాక పెదవి విప్పకూడదు. ఇంటి దగ్గర సాధనకు నేనే కుమ్మరి మూకుళ్లు విసిరేవాణ్ని. బావ తుపాకి ఎత్తగానే విసరాలి, అంతే. అన్నీ పగిలిపోయేవి. ఆ సాధనే మా కొంప ముంచింది.

తెల్లవారుజామున బస్సు అన్నారు, ఎండెక్కాక వచ్చింది. దారిపొడవునా రేడియేటరుకు దాహమే. ఏ పులిని చంపడానికి పోతున్నారని బస్సంతా అడిగారు. మట్టి పళ్లేలని బావ చెబితే ఒక అవ్వ నమ్మలేకపోయింది.

"పళ్లేలు పగలగొట్టేదానికి మద్రాసు దాకా యాల నాయనా? మా ఇంట్లో కోడలుండాది కదా" అంది.

కర్నూలులో రాజధాని పుణ్యమా అని గదులన్నీ గుమాస్తాలతో నిండిపోయాయి. ఒక హోటలు వరండాలో తుపాకిని మధ్యలో పెట్టుకుని పడుకున్నాం. పొద్దున్నే చిన్న రైలుబండి ఎక్కి, ద్రోణాచలంలో మారి, గుంతకల్లు చేరి, అక్కడ మద్రాసు మెయిలు పట్టుకున్నాం. తుపాకి లైసెన్సు చూపిస్తూ చూపిస్తూ నా వేళ్లు అరిగాయి. పులిహోర మూట విప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అడిగేవారు. అయినా బండి ఊపందుకున్నప్పుడల్లా బావను పోరుతూనే ఉన్నాను, ఒక్కసారి అను, ఎవరూ వినరు అని. ఆయన తన చేతికర్రను తుపాకిలా భుజానికి ఆనించేవాడు, పెదవులు బిగించేవాడు, నాకు ఒళ్లు మండేది.

కడపలో ఎక్కిన తోళ్ల వ్యాపారి సాయిబు ఒకాయన ఈ తంతు కాసేపు చూసి, తానూ ఒక మాట వేశాడు.

"అది పిట్ట కాదు కదన్నా, మట్టి. మట్టికి చెవులుండవు. అరిస్తే ఏం పోతాది?"

"నాకుండాయి కదా సాయిబూ" అన్నాడు బావ. ఇక నేను పైబల్ల ఎక్కి ముసుగు తన్నాను.

మద్రాసులో పోటీ మైదానం పచ్చగా, గొడుగులతో, కుర్చీలతో పెళ్లిపందిరిలా ఉంది. సింహళం ఆయన అరిచాడు, బిళ్ళ పగిలింది. బర్మా ఆయన అరిచాడు, బిళ్ళ పగిలింది. బావ తుపాకి ఎత్తి రాయిలా నిలబడ్డాడు. బిళ్ళ రాలేదు. తెల్లటోపీ పెట్టుకున్న రిఫరీ ఒకసారి హెచ్చరించి, ఆలస్యమైందని ఆ బిళ్ళ పోయినట్టే లెక్క వేశాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తాడు వెనక నిలబడి నేను నోరు తెరిచి చూపిస్తున్నాను. బావ నోరు తెరిచాడు కూడా, శబ్దం రాలేదు. మెడ మీద నరాలు ఉబ్బాయి. నా అన్నవాణ్ని అలా నలుగురిలో చూడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

తరువాత ఆయనే ఒక దారి కనిపెట్టాడు. తుపాకి నడుము దగ్గరికి దించి, 'పుల్' అని చెప్పి, నోరు మూసి, అప్పుడు భుజానికి ఎత్తాడు. అప్పటికి బిళ్ళ సగం దూరం పోయింది. అయినా పగిలింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. మరికొన్ని పగిలాయి, మరికొన్ని అందకుండా పోయాయి. సింహళం ఆయన వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు, ఇలా కాల్చేవాణ్ని ఎక్కడా చూడలేదన్నాడు. ముందు వరస పేర్లు చదివినప్పుడు మాత్రం బావ పేరు లేదు. మొదట అరిచి ఉంటే ఉండేదని అక్కడ అందరికీ తెలుసు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

తిరుగు మెయిలు ఎక్కాం. కడపలో తెల్లవారింది. కాఫీ తెచ్చిచ్చాను, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఈ మొత్తం ప్రయాణంలో మాకు మిగిలింది ఒళ్లు నొప్పులు, నలిగిన లైసెన్సు అనుకున్నాను. ముందే నోరు విప్పి ఉంటే ఈపాటికి ఓడ సంగతి మాట్లాడుకునేవాళ్లం కదా అని మనసులో సాధిస్తూనే ఉన్నాను.

ఎర్రగుంట్ల దాటాక సిగ్నలు లేక బండి బీడు చేల మధ్య ఆగింది. కట్టకు దిగువన కౌజుపిట్టలు మేస్తున్నాయి. బావ కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. చేతికర్రను భుజానికి ఆనించి, చెంప దానికి చేర్చి, గురి చూశాడు. ఆ తరువాత పెట్టె అదిరేటట్టు అరిచాడు.

"పుల్!"

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నిద్రలో ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు. బావ ఒక పిట్ట వెంటే కర్ర తిప్పుతూ, అది కనుమరుగయ్యేదాకా చూసి, మెల్లగా దించాడు.

"వచ్చిందప్పా" అన్నాడు.

పోయేటప్పుడు దారి పొడవునా సతాయించినవాణ్ని, చల్లారిన ఆ కాఫీ గ్లాసు తీసి ఆయన చేతికిచ్చాను.